రెండు రోజుల సెలవులో ఒకటి

ఐసు రాలేదన్నారు, కంటైనరూ రాలేదన్నారు.
రెండు రోజులు సెలవంట.
రొయ్యల షెడ్డు తలుపుకి తాళం చూసి
మేం నలుగురం కాసేపు అట్టానే నిలబడ్డాం,
చేతుల్ని ఏం చేసుకోవాలో తెలీక.

"పోదామే యాడికన్నా" అంది మస్తాన్‌బీ.
ఎస్తేరు సముద్రం అంది. వద్దన్నాం.
ఉప్పు వాసన ఇంట్లోనే ఉంది మాకు,
దిండు గలీబుల్లో, పిల్లల తలల్లో.
అప్పుడు పెంచలమ్మ, ఎన్నడూ ఏదీ అడగని మనిషి,
"నా పేరుండే ఊరు చూడాల" అంది.

నెల్లూరు బస్టాండులో
బస్సు బోర్డు ముందు ఆమెని నిలబెట్టి
ఒక్కో అక్షరం వేలు పెట్టి చూపించాను.
షెడ్డులో తూకం రాసేది నేనే,
పదేళ్ళుగా ఆమె పేరు పక్కన కిలోలు రాస్తున్నా.
"ఇక్కడిదాకా నువ్వు" అన్నాను,
"ఇక్కణ్ణించి కోన."
బస్సు కదిలేదాకా ఆ మూడక్షరాలే చూస్తా ఉంది.

పొదలకూరు దాటితే నిమ్మతోటలు.
రోజూ సాయంత్రం అరచెక్క నిమ్మకాయ
నలుగురం పంచుకుని వేళ్ళకి రుద్దుకుంటాం,
నీసు మాత్రం పోదు.
ఇక్కడేమో ఎర్రమట్టిలో రాలి, ఏరేవాళ్ళు లేక,
రేటు లేని కాయలు.
ఎస్తేరు కిటికీలోంచి చెయ్యి చాపితే
"లోపల పెట్టుకోమ్మా" అని కసిరాడు కండక్టరు.

రాపూరు తర్వాత పచ్చ మొదలైంది.
నాకు ఏది చూసినా తూకం వేసే జబ్బు.
వెదుర్లు, నేరేళ్ళు, రాళ్ళని కావలించుకున్న తీగలు,
ఆకు మీద ఆకు, నీడ మీద నీడ.
కాటా పక్కన పెట్టేశాను.

కోనలో దిగంగానే
పులిహోర డబ్బా కోతి ఎత్తుకుపోయింది.
కొమ్మ మీద కూర్చుని తీరిగ్గా తిని
మూత మాత్రం విసిరేసింది మా మీదకి.
మస్తాన్‌బీ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

వాగెంట రాళ్ళు పట్టుకుని పైకెక్కి
నీళ్ళు దూకే చోట ముందు పాదాలు పెట్టాం.
చలి మాకు కొత్తా?
తెల్లారి నాలుక్కే ఐసులో వేళ్ళు దూర్చేవాళ్ళం.
ఆ చలి గోళ్ళ కింద దిగి అక్కడే కాపరం పెడుతుంది,
అన్నం కలిపేటప్పుడు ముద్ద వేడి తెలీనివ్వదు.
ఇది అట్టా కాదు.
తగిలి, దాటి, తన పని మీద తాను పోతా ఉంది.

అప్పుడు చెప్పింది పెంచలమ్మ.
పుట్టినప్పుడు ఏడవలేదంట.
బతికితే ఈ పేరు పెడతా, కోనలో తలనీలాలిప్పిస్తా అని
వాళ్ళమ్మ మొక్కుకుందంట.
పేరంటే డబ్బుల్లేకుండా పెట్టొచ్చు.
బస్సు ఛార్జీలు కుదరక రెండోది మిగిలిపోయింది.
"యాభై రెండేళ్ళ బాకీ మే,
వడ్డీ ఎంతయ్యుంటాది?" అని నన్నడిగింది,
లెక్కలదాన్నని.

రోజంతా ప్లాస్టిక్ టోపీ కింద ఉడికి
పల్చబడిన జుట్టు.
పిన్నులు తీసి పళ్ళ మధ్య పెట్టుకుని
ధార కింద తల వంచింది.
ఎంతసేపుందో.
మేం మాట్లాడుకోవడం మానేశాం.

కిందికొచ్చాక కల్యాణకట్ట చూపించి
"మూడు కత్తెర్లన్నా ఇచ్చిరాపో" అంది ఎస్తేరు,
ప్రార్థన తప్పని మనిషి.
పెంచలమ్మ కొప్పు వెయ్యని తల తడుముకుని
"ఉండండే" అంది, "ఇప్పుడే గదా విప్పింది."

గోనుపల్లి దగ్గర ఫోను మోగింది. సూపర్‌వైజరు.
లోడు దిగిందంట, నాలుక్కల్లా ఉండాలంట.
ఎస్తేరు కొంగు విప్పి నాలుగు నిమ్మకాయలు పంచింది,
యాడివని ఎవరం అడగలేదు.
పెంచలమ్మ నా భుజం మీద నిద్రపోయింది.
ఆమె తల తడికి నా జాకెట్టు తడిసింది,
నెల్లూరు దాకా కదల్లేదు నేను.

తెల్లారి తూకం దగ్గర
పెంచల దాకా రాసి, పెన్ను ఆగింది.
వెనక లైను అరుస్తా ఉంది.
మ్మ అని రాశాను.
పదకొండు కిలోల నాలుగొందలు.